ఐసు కింద చేప, చేప మీద ఐసు

రాయపూర్ చెరువులు గడ్డకట్టవు. పుష్యమాసపు చలిలో కూడా గట్టు మీద కూర్చున్నవాడి గాలం నీళ్లలోనే పడుతుంది. బెండును పైకి జరిపి, ఎరను అడుగు బురదకు ఆనిస్తాడు. కావలసింది మార్పు చేప, అక్కడి ఛత్తీస్‌గఢీలో మోంగ్రీ. మీసాలతో బురద తడుముకుని తినే ఈ చేప మధ్యమధ్య పైకొచ్చి ఓ గుటక గాలి మింగి పోతుంది. పైన ఐసు పరుచుకుంటే దాని పని సరి!

ఐసుకు చిల్లి పెట్టి చేపను పట్టే విద్య ధ్రువం చుట్టుపక్కల వాళ్లది. వాళ్లకది సరదా కాదు, చలికాలపు తిండి. ఇన్యూట్లు దంతంతో చెక్కిన చేపపిల్ల బొమ్మను చిల్లిలో ఆడించి, దగ్గరికొచ్చిన చేపను మూడు కొమ్ముల ఈటెతో పొడిచేవారు. అడుగున తిరిగే బర్బోట్ అనే చేప కోసమైతే ఎరను నేలకు తాకించాలి. గడ్డం కింద ఒకే మీసం, పాములా జారే ఒళ్లు. కాడ్ జాతిలో పూర్తిగా మంచినీటికే అలవాటుపడ్డది ఇదొక్కటే. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు గనక ఆ నీరు కిందికి దిగుతుంది, ఐసు పైన తేలుతుంది. ఆ నడుమ, నడిచలికాలంలోనే, బర్బోట్ గుడ్లు పెడుతుంది. మినెసోటాలోని వాకర్ అనే ఊళ్లో 1979లో దీని పేరిట జాతరే మొదలుపెట్టారు.

అలా గడ్డకట్టే సరస్సుల ఐసు మాత్రం మన దాకా వచ్చింది. 1833లో ఐసు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ నుంచి టస్కనీ ఓడలో 180 టన్నులు పంపితే, నాలుగు నెలలకు కలకత్తాలో 100 టన్నుల దాకా దిగింది. ఆ ఐసు దాచడానికి 1842లో మద్రాసులో ఐస్ హౌస్ కట్టారు. 1846-47 చలికాలంలో వాల్డెన్ చెరువులో ఐసు కోస్తుంటే చూసిన అమెరికా రచయిత థోరో, తన బావి నీళ్లు మద్రాసు వాళ్లూ తాగుతారని మురిశాడు. అదే ఐసుకు చిల్లులు పెట్టి గాలాలు వేసేవాళ్లూ ఆయన పుస్తకంలో కనిపిస్తారు.

ఇక్కడొక చిత్రం చెప్పకుండా ఉండలేను. 1877లో కుర్రవాడు నరేంద్రుడు, అంటే తర్వాతి వివేకానందుడు, రాయపూర్ వచ్చాడు. అక్కడి బూఢా తాలాబ్ ఇప్పుడు వివేకానంద సరోవరం. 1897లో ఆయన మద్రాసులో బస చేసింది ఆ ఐస్ హౌస్‌లోనే. అదిప్పుడు వివేకానంద ఇల్లం.

ఇప్పుడు ఐసు చేప మీదికెక్కింది. ఆకివీడు, కైకలూరు వైపు ఐసు దిమ్మలను మరలో నలగ్గొట్టి, ఓ పొర ఐసు, ఓ పొర చేప చొప్పున పెట్టెల్లో సర్ది ఇతర రాష్ట్రాలకు లారీలెక్కిస్తారు. ఎక్కువగా శీలావతి, బొచ్చె; అడుగున మేసే ఎర్రమోసుకు అంత గౌరవం లేదు. నాకు మాత్రం పులుసులో అదే ఇష్టం, ముళ్లు ఓపిగ్గా ఏరుకోవాలి గానీ.

మార్పుకు ఐసుతో పనే లేదు. తొట్టిలో జానెడు నీళ్లు పోస్తే చాలు. బేరం కుదిరేదాకా, మీసాలు ఆడిస్తూ, గాలి మింగుతూ అందులోనే మెసులుతుంటుంది.