తప్పిన అంచనాలు, నిలిచిన నాటకాలు: మూడు పాశ్చాత్య సంగీతనాటకాల పరిశీలన

వ్యాససంగ్రహం

పరాజయం తప్పదని భావించిన కొన్ని సంగీతనాటకాలు న్యూయార్క్, లండన్ రంగస్థలాలపై ఏళ్ల తరబడి నడిచాయి. వాటిలో ‘ఓక్లహోమా!’ (1943), ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ (1964), ‘లే మిజరబుల్’ (లండన్, 1985) ఈ వ్యాసానికి ఆధారం. తప్పిన అంచనాను ఆనాటి రంగస్థల నియమాలను తెలిపే చారిత్రకాధారంగా చదవవచ్చని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సంగీతనాటకం, బ్రాడ్వే, ప్రేక్షకాదరణ, విమర్శ, రంగస్థల చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సంభాషణ, పాట, నృత్యం కలిసి కథను నడిపే ఆంగ్ల రంగస్థల ప్రక్రియ ‘మ్యూజికల్’. ఈ వ్యాసంలో దాన్ని ‘సంగీతనాటకం’ అని వ్యవహరిస్తున్నాను. దీని నిర్మాణానికి పెద్ద పెట్టుబడి కావాలి. న్యూయార్క్‌కు రాకముందు ఇతర నగరాల్లో ప్రదర్శించి మార్పులు చేసుకోవడం చిరకాలం ఆచారంగా ఉండేది. అందువల్ల అసలు ప్రదర్శన మొదలుకాకముందే జయాపజయాలపై అంచనాలు ప్రచారంలోకి వచ్చేవి.

అంచనా తప్పితే రంగస్థల కథనాలు దాన్ని తరచు ఒక చమత్కారంగా చెప్పి వదిలేస్తాయి. అయితే ‘ఇది ఆడదు’ అన్న మాట వెనుక ‘ఆడాలంటే ఇవి ఉండాలి’ అన్న నమ్మకం ఒకటి ఉంటుంది. ఆ నమ్మకం ఎవరిది, దేనిమీద ఆధారపడినది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. వృత్తివర్గాల అంచనా: ‘ఓక్లహోమా!’

లిన్ రిగ్స్ రచించిన ‘గ్రీన్ గ్రో ద లైలాక్స్’ నాటకాన్ని థియేటర్ గిల్డ్ 1931లో ప్రదర్శించింది. అది 64 ప్రదర్శనలతో ఆగిపోయింది. పుష్కరకాలం తరువాత, ఆర్థికంగా చితికిపోయిన దశలో, గిల్డ్ అదే ఇతివృత్తాన్ని సంగీతనాటకంగా మలచాలనుకుంది. స్వరకర్త రిచర్డ్ రాడ్జర్స్‌తో చాలాకాలం కలిసి పనిచేసిన గీతరచయిత లోరెంజ్ హార్ట్ ఇందుకు అంగీకరించలేదు. ఆయన స్థానంలో వచ్చిన ఆస్కార్ హామర్‌స్టైన్‌కు అప్పటికి పదేళ్లుగా బ్రాడ్వేలో చెప్పుకోదగిన విజయం లేదు. పెట్టుబడి సమకూర్చడమే గిల్డ్‌కు కష్టమైంది.

నిర్మాణరీతి మరింత శంకను కలిగించింది. నర్తకీ బృందంతో ఆర్భాటంగా ఆరంభించడం నాటి పరిపాటి. ఇందులో తెర లేచేసరికి ఒక వృద్ధురాలు వెన్న చిలుకుతూ కనిపిస్తుంది. పశుపాలకుడైన నాయకుడి పాట తెర వెనుకనుంచి వినిపిస్తుంది. నర్తకీమణుల ప్రవేశం చాలా ఆలస్యం. వారి దుస్తులు కూడా పాదాల దాకా ఉంటాయి. రెండవ అంకంలో ఒక మరణం ఉంది. ‘అవే వియ్ గో!’ అనే పేరుతో 1943 మార్చిలో న్యూ హేవెన్‌లో ప్రదర్శించినప్పుడు, అందమైన కాళ్లూ లేవు, హాస్యమూ లేదు, కనుక అవకాశమూ లేదన్న భావంతో ఒక వ్యాఖ్య పుట్టింది. ఈ వ్యాఖ్యకు పాఠాంతరాలు ఉన్నాయి. దాన్ని వేర్వేరు వ్యక్తులకు ఆపాదించారు. కాబట్టి ఒక వ్యక్తి అభిప్రాయానికి సాక్ష్యంగా దాన్ని స్వీకరించలేం. కానీ స్త్రీశరీర ప్రదర్శన, హాస్యం అనే రెండింటినీ విజయానికి కొలమానాలుగా రంగస్థల వర్గాలు భావించేవనడానికి అది గట్టి సాక్ష్యం.

బోస్టన్ ప్రదర్శనల కాలంలో మార్పులు జరిగాయి. ‘ఓక్లహోమా’ పాట బృందగానంగా రూపొందింది, నాటకానికి కూడా ఆ పేరే స్థిరపడింది. మార్చి 31న న్యూయార్క్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో తొలి ప్రదర్శనకు ఆసనాలన్నీ నిండలేదు. ఆ నాటకమే 1948 మే 29 వరకు 2,212 ప్రదర్శనలు నడిచింది.

దీనికి ప్రధాన కారణం నిర్మాణంలోనే ఉంది. పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ అనగానే కథ ఆగి పద్యం మళ్లీ మొదలవడం తెలుగు ప్రేక్షకులకు పరిచితమే. పాటకు కథతో నిమిత్తంలేని స్వతంత్ర ప్రతిపత్తి అప్పటి బ్రాడ్వేలోనూ తరచు కనిపించేది. ‘షో బోట్’ (1927) వంటివి దీనికి ముందే భిన్నమార్గం తొక్కాయి. ‘ఓక్లహోమా!’లో ఆగ్నెస్ డి మిల్ రూపొందించిన స్వప్ననృత్యం నాయిక మాటల్లో చెప్పుకోలేని భయాన్ని చూపుతుంది. అంటే నృత్యం కథలో ఒక ఘట్టమైంది. బాహ్య కారణాలూ ఉన్నాయి. యుద్ధకాలంలో నేల, సమష్టి జీవనం గురించిన కథకు ప్రత్యేకమైన ఆకర్షణ ఏర్పడింది. మూల నటబృందంతో డెక్కా విడుదల చేసిన రికార్డులు పాటలను న్యూయార్క్ దాటించాయి.

3. ప్రేక్షకవర్గంపై శంక: ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’

షోలెం అలైకెం యిద్దిష్ భాషలో రాసిన తేవ్యే కథలు దీనికి మూలం. జారు పాలనలోని ఒక యూదు పల్లె, ముగ్గురు కూతుళ్ల వివాహాలు, చివరికి ఊరు విడిచిపోవడం ఇందులోని ఇతివృత్తం. యూదులు తప్ప ఇతరులు చూడరన్న భయం నిర్మాతలను వెనకాడేలా చేసింది. ఇక్కడ శంక కళారూపం గురించినది కాదు, ప్రేక్షకుల పరిధి గురించినది.

దర్శకుడు జెరోమ్ రాబిన్స్ ఈ నాటకం దేని గురించి అని రచయితలను పదేపదే అడిగాడు. సంప్రదాయం శిథిలమవడం గురించి అన్న సమాధానం నుంచే ప్రారంభగీతం పుట్టింది. డెట్రాయిట్‌లో ప్రదర్శించినప్పుడు ‘వెరైటీ’ పత్రిక సమీక్ష నిరుత్సాహపరిచింది. అయినా 1964 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లో మొదలై 3,242 ప్రదర్శనలు పూర్తిచేసుకుంది. 1967లో టోక్యోలోనూ ప్రదర్శితమైంది. ఇంత జపానీయమైన కథ అమెరికన్లకు ఎలా అర్థమైందని అక్కడి నిర్మాత తనను అడిగినట్లు రచయిత జోసెఫ్ స్టైన్ చెప్పేవాడు. స్థానికత ప్రేక్షకులను దూరం చేస్తుందన్న అంచనా ఇక్కడ తలకిందులైంది.

4. విమర్శకుల తీర్పు: ‘లే మిజరబుల్’

అలాన్ బుబ్లిల్, క్లోడ్-మిషెల్ షోన్‌బర్గ్‌ల ఫ్రెంచి సంగీతనాటకానికి ఆంగ్లరూపం 1985 అక్టోబర్ 8న లండన్ బార్బికన్‌లో మొదలైంది. రాయల్ షేక్స్పియర్ కంపెనీ, నిర్మాత కామెరాన్ మకింటోష్ దీన్ని కలిసి నిర్మించారు. హ్యూగో నవలను అతినాటకీయంగా కుదించారని పలువురు సమీక్షకులు ఆక్షేపించారు. పత్రికల్లో తీర్పు ప్రతికూలంగా ఉండగా టికెట్ కౌంటరు దగ్గర రద్దీ పెరిగింది. అది చూసే మకింటోష్ నాటకాన్ని డిసెంబర్‌లో ప్యాలెస్ థియేటర్‌కు తరలించాడు. విమర్శకుడు నవలతో పోల్చి లోటును లెక్కించాడు. ప్రేక్షకుడు తన ఎదుట ఉన్న పాటతోనే సంబంధం ఏర్పరచుకున్నాడు.

5. ఒక హెచ్చరిక

ఈ మూడింటిని చూసి నియమోల్లంఘనమే విజయహేతువని నిర్ధారించడం పొరపాటు. రాయల్ షేక్స్పియర్ కంపెనీయే భాగస్వామిగా 1988లో బ్రాడ్వేకు వచ్చిన ‘క్యారీ’ కూడా సాహసమే. ఆరంభం తరువాత అది 5 ప్రదర్శనలకే మూతపడింది. ఓడిపోతుందనుకున్నది ఓడిపోతే ఆ అంచనాను ఎవరూ గుర్తుంచుకోరు. గెలిచినవాటి కథలే మిగులుతాయి గనుక, అంచనాలు ఎప్పుడూ తప్పుతాయన్న భ్రమ కలుగుతుంది.

6. ముగింపు

* పరాజయపు అంచనా రాబోయే నాటకాన్ని గాక అప్పటికే నెలకొన్న నియమాన్ని ఎక్కువగా తెలుపుతుంది.
* వృత్తివర్గాలు, పెట్టుబడిదారులు, విమర్శకులు వేర్వేరు కొలమానాలు వాడతారు. వాటిని కలిపివేయకూడదు.
* ‘ఓక్లహోమా!’, ‘ఫిడ్లర్’ తుదిరూపాలు మార్పుల నుంచి వచ్చాయి. తొలి అంచనా, తుది విజయం అచ్చంగా ఒకే పాఠానికి చెందినవి కావు.

తెలుగు రంగస్థల చరిత్ర రచనలో ‘విశేష ప్రేక్షకాదరణ పొందింది’ అన్న వాక్యం తరచు ఎదురవుతుంది. ఆదరణకు ముందున్న అనుమానాలను, పాఠంలోని మార్పులను, ప్రదర్శనల సంఖ్యను కూడా నమోదు చేస్తేనే ఆ వాక్యం చరిత్ర అవుతుంది. కరపత్రాలు, సమాజాల జమాఖర్చు పుస్తకాలు, నటుల లేఖలు అందుబాటులో ఉన్నచోట పరిశోధకులు ముందుగా సేకరించవలసినవి అవే.