మగ్గం ఇంటి దీపం ఖర్చు, కరెంటు కంపెనీ మార్చుకున్న కథ

గంజి కాయాలన్నా, రంగు ఉడకబెట్టాలన్నా పొయ్యి వెలగాలి. పొద్దుగూకాక ఇంకో గజం నేయాలన్నా దీపం కావాలి. అందుకే మన ఇళ్లలో కట్టెల ధర, చమురు ధర, ఇప్పుడు యూనిట్ ధర నేరుగా కూలి డబ్బుల్లోంచే కోత పెడతాయి. ఊరు వదిలి షోలాపూర్, భివండి, ముంబై, బరంపురం, సేలం చేరిన మనవాళ్ల చరిత్ర చెప్పేటప్పుడు మగ్గాలు, సంఘాలు, గుళ్లు లెక్కేస్తాం కానీ ఈ దీపం ఖర్చు ఎవరూ రాయరు. మేము ఈసారి దాని గురించే రాద్దామనుకున్నాం.

మొదటి మార్పు కరెంటు కాదు, కిరోసిన్. అంతకుముందు ఆముదం దీపం. 19వ శతాబ్దం చివర్లో అమెరికా, రష్యా నుంచి, ఆ తర్వాత బర్మా నుంచి డబ్బాల్లో కిరోసిన్ వచ్చింది. వెలుతురు ఎక్కువ, ఖర్చు తక్కువ. పొగకి కళ్లు మండినా మనవాళ్లు దానికే మారిపోయారు. షోలాపూర్‌లో మరాఠీవాళ్లలాగే రాకేల్ అన్నారు, తమిళనాట కృష్ణాయిల్ అన్నారు. ఖాళీ డబ్బా కూడా పారేయలేదు, నీళ్లకో రంగుకో వాడుకున్నారు. 1942లో బర్మా జపాన్ చేతికి పోయాక కిరోసిన్ దొరకడమే గగనమైంది. చౌక అని ఒకే సరుకు మీద ఆధారపడితే అది ఆగిన రోజు మగ్గం కూడా ఆగుతుందని ఆ తరానికి బాగా తెలిసొచ్చింది.

ఇక కరెంటు. బొంబాయిలో 1905 ప్రాంతంలో మిల్లుల్లో కరెంటు దీపాలు పెట్టారు. కార్మికుడికి అది సుఖం తెచ్చిందనుకోకండి. చీకటి పడితే ఆగే పని ఇక ఆగలేదు, రోజుకు 14, 15 గంటలు నడిపించారు. కార్మికులు తిరగబడ్డారు, మిల్లుల మీద రాళ్లు వేశారు. చివరికి 1911 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ల పనిని 12 గంటలకు కట్టేసింది. 1915లో ఖోపోలీ దగ్గర టాటాల జలవిద్యుత్తు మొదలై మిల్లులకు చేరింది. వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో కాపురం పెట్టిన మన పద్మశాలి కుటుంబాలకు కరెంటంటే ముందు మిల్లు కరెంటే, ఇంటి కరెంటు తర్వాతి సంగతి.

ముంబైలో ఇంటికి కరెంటు ఎవరిస్తారన్నది మీరు ఏ వీధిలో ఉన్నారన్న దాన్ని బట్టే తేలేది. ద్వీప నగరంలో బెస్ట్. శివార్లలో 1929లో పుట్టిన బీఎస్ఈఎస్, తర్వాత అదే రిలయన్స్, 2018 నుంచి అదానీ. టాటా ఎక్కువగా పెద్ద వాడకందార్లకీ, ఈ పంపిణీ కంపెనీలకీ అమ్ముకునేది. చిన్న ఇళ్లకూ అమ్మవచ్చా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 జులైలో కోర్టు టాటా వైపు తీర్పిచ్చింది. 2009 అక్టోబరులో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ దారి చూపించింది. తీగలు పాత కంపెనీవే ఉంటాయి, కరెంటు కొత్త కంపెనీది, తీగ వాడుకున్నందుకు వీలింగ్ ఛార్జీ కట్టాలి. అంటే స్తంభం మారదు, బిల్లు మీద పేరు మారుతుంది. తీగ తెగితే పాత కంపెనీ మనిషే వస్తాడు. మన దేశంలో మామూలు ఇంటివాడు ఇల్లు మారకుండా కరెంటు కంపెనీని మార్చుకోగలిగిన చోట్లు చాలా అరుదు, వాటిలో ఇది పెద్దది.

మార్చుకోవాలంటే పాత బాకీ తీర్చాలి, దరఖాస్తు ఇవ్వాలి. అంతే. అప్పుడు రెండు కంపెనీల ధరల మధ్య తేడా బాగానే ఉండేది. యూనిట్‌కి ఒక్క రూపాయి తగ్గిందనుకోండి, నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి 1,800 రూపాయలు మిగులుతాయి. పిల్లల పుస్తకాలకో, పండక్కి బట్టలకో వస్తాయవి. లక్షల మంది మారారు.

తర్వాత చిక్కు మొదలైంది. ఇది మనవాళ్లకు సహకార సంఘంతో పోల్చి చెబితే ఇట్టే అర్థమవుతుంది. సంఘంలో పది పెద్ద మగ్గాలవాళ్లు వాటా ఎక్కువ కడుతుంటే చిన్నవాళ్లకు గోదాము అద్దె తేలిగ్గా ఉంటుంది. ఆ పది మందీ వేరే సంఘంలో చేరిపోతే అద్దె అంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. ఎక్కువ యూనిట్లు వాడేవాళ్లు ఎక్కువ ధర కట్టి చిన్న ఇళ్ల బిల్లును తగ్గించడం కరెంటు లెక్కలో పాత పద్ధతి. ఆ పెద్దవాళ్లే ముందు వెళ్లిపోతున్నారని గొడవ లేచింది. 2011లో మారినవాళ్ల మీద క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ వేశారు. 2012లో కమిషన్, నెలకు 300 యూనిట్ల లోపు వాడే చిన్న ఇళ్లకే మారడానికి అవకాశం అంటూ కట్టుదిట్టం చేసింది. సర్‌ఛార్జీ, వీలింగ్ కలిపితే మిగులు కరిగిపోయిన ఇళ్లున్నాయి. తిరిగి పాత కంపెనీకే వచ్చినవాళ్లూ ఉన్నారు. మా అభిప్రాయంలో కమిషన్ చేసింది ఆలస్యమే కానీ సబబే. యూనిట్ ధర ఒక్కటే చూసి మారినవాడికి బిల్లులో మిగతా నాలుగు వరసలు తర్వాత కనపడ్డాయి.

మరి వర్లీ చాళ్లలో ఉన్న మనవాళ్ల సంగతి? వాళ్లకు ఈ సౌకర్యం అందలేదు. 2003 విద్యుత్ చట్టం స్థానిక సంస్థ నడిపే పంపిణీకి మినహాయింపు ఇచ్చింది, బెస్ట్ తన తీగలను ఇంకొకరికి తెరవనక్కర్లేదు. టాటా రావాలంటే సొంత తీగ వేసుకోవాలి. ఇరుకు గల్లీల్లో అదెంత పనో ఆ గల్లీల్లో నడిచినవాళ్లకు తెలుసు. అన్నదమ్ముల్లో శివారుకు మారిన తమ్ముడికి ఎంచుకునే హక్కు, తాత గదిలో ఉండిపోయిన అన్నకు లేదు.

భివండి కథ వేరు. 1982 జనవరి సమ్మె తర్వాత మిల్లులు కూలాక చాలా పని భివండి పవర్‌లూమ్‌లకు తరలింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి వచ్చిన మనవాళ్లు ఆ షెడ్లలో నిలబడి నేశారు. అక్కడ మగ్గానికీ ఇంటికీ గోడే అడ్డం, కరెంటు పోతే రెండూ చీకటే. పంపిన కరెంటులో సగానికి పైగా నష్టాల లెక్కలో పోయేది. 2007 జనవరి 26న టోరెంట్ పవర్ ఫ్రాంచైజీగా వచ్చింది, దేశంలో ఇలాంటి మొదటి ఏర్పాటు ఇదే. నష్టాలు బాగా తగ్గాయి, సరఫరా నిలకడగా వచ్చింది. బిల్లుల మీద నిరసనలూ జరిగాయి. ఎవరు ఇవ్వాలో మనల్ని అడగలేదు, ధర మాత్రం రాష్ట్ర కమిషన్ పెట్టినదే.

బరంపురం పట్టు నేతగాళ్లు కంపెనీల పేర్లు ఇంకా ఎక్కువ చూశారు. 1996లో ఒడిశా విద్యుత్ బోర్డు గ్రిడ్‌కో అయింది. 1999లో సౌత్‌కో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015లో ఆ లైసెన్సు రద్దయింది. 2021 జనవరి 1 నుంచి టాటా పవర్ నడిపే కంపెనీ వచ్చింది. బిల్లు మీద పేరు నాలుగు సార్లు మారినా ఒక్కసారీ ఇంటివాడు మార్చింది కాదు.

తమిళనాడులో మార్పు ఇంకో రకం. అక్కడ కంపెనీ ఒక్కటే, ఉచిత యూనిట్లే లెక్క. 2006లో చేనేతకు రెండు నెలలకు 100 యూనిట్లు, పవర్‌లూమ్‌కు 500 ఉచితం చేశారు. 2016లో 200, 750 అయ్యాయి. 2023లో 300, 1,000. సేలం, కోయంబత్తూరు ప్రాంతాల దేవాంగ, పద్మశాలి ఇళ్లలో మీటరు తీయడానికి మనిషి వచ్చే తేదీ అందరికీ నోటికొచ్చు. యానాంలో బిల్లు పుదుచ్చేరి విద్యుత్ శాఖ పేరు మీదే వస్తుంది, గోదావరి పాయ దాటితే ఆంధ్ర బిల్లు.

గ్యాస్ బండకు కూడా 2014 జనవరిలో కంపెనీ మార్చుకునే వీలు దేశమంతా వచ్చింది. ఇంటి బండ ధర మూడు ప్రభుత్వ కంపెనీలకూ ఒకటే కాబట్టి దానివల్ల పైసా మిగలదు, బండ టైముకు తెచ్చే ఏజెన్సీ దొరికితే చాలు.

2022 ఆగస్టు 8న లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు, ముంబైలో జరిగినట్టే ఒకే తీగ మీద చాలామంది అమ్మేలా దేశమంతా దారి తెరవాలంది. స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో ఆ సభతోపాటే చెల్లిపోయింది. మళ్లీ అలాంటిది వస్తే భివండి షెడ్డు ఓ రకంగా లెక్కేస్తుంది, సేలం మగ్గం ఇంకో రకంగా లెక్కేస్తుంది. 300 యూనిట్ల ఉచితం ఏ కంపెనీ ఖాతాలో రాయాలి, ఆ డబ్బు ప్రభుత్వం ఎవరికి కట్టాలి అన్నది మనవాళ్లు మొదట అడగబోయే ప్రశ్న.