లారీ ఛాసిస్ మీద ఇల్లు: మోటార్‌హోమ్ పుట్టుపూర్వోత్తరాలు

వంటిల్లు, పడక, స్నానాలగది, మరుగుదొడ్డి తనలోనే ఇముడ్చుకుని, సొంత ఇంజనుతో నడిచే వాహనాన్ని మోటార్‌హోమ్ అంటారు. మరో బండి వెనక తగిలించి లాక్కుపోయే ట్రైలర్ నుంచి దీన్ని వేరుచేసేది ఆ సొంత ఇంజనే. అమెరికాలో రెండింటినీ కలిపి రిక్రియేషనల్ వెహికల్ అనీ, క్లుప్తంగా ఆర్వీ అనీ వ్యవహరిస్తారు. ఉద్యోగ విరమణ పొందిన దంపతులు ఉన్న ఇల్లు అమ్మేసో, అద్దెకిచ్చో ఇటువంటి బండి కొనుక్కుని దేశమంతా తిరగడం ఆ దేశంలో ఒక జీవన విధానంగా స్థిరపడింది. అయితే మోటార్‌హోమ్ వృద్ధుల కోసం పుట్టిన వస్తువు కాదు. కలవారి విలాసంగా మొదలై, పిల్లలున్న సంసారాల సెలవుల బండిగా మారి, 1960ల దశకంలో చట్టమూ రోడ్డూ ఫ్యాక్టరీ కలిసివచ్చాక అది విశ్రాంత జీవితం గడిపేవారి చేతికి అందింది. దాన్ని కొనబోయేవారు అమ్మకందారును అడగవలసిన ప్రశ్నలు చాలావరకు ఈ చరిత్రలోంచే పుడతాయి.

ఇంటిని బండి మీదికెక్కించి కేవలం విహారం కోసం బయలుదేరిన తొలితరం వారిలో ప్రముఖుడు స్కాట్లండ్‌కు చెందిన గోర్డన్ స్టేబుల్స్. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, ఆరోగ్యం దెబ్బతిని కొలువు విడిచి, బాలుర సాహసగాథలు రాస్తూ జీవించిన ఆయన 1885లో బ్రిస్టల్‌లో రైలు వ్యాగన్లు తయారుచేసే కర్మాగారం చేత ‘వాండరర్’ అనే బండిని కట్టించుకున్నాడు. రెండు గుర్రాలు లాగే ఆ బండికి ముందు ఒక సేవకుడు మూడు చక్రాల సైకిల్ మీద దారి చూస్తూ వెళ్లేవాడు. గుర్రం స్థానంలోకి ఇంజను రావడానికి పాతికేళ్లు పట్టింది. 1910లో అమెరికాకు చెందిన పియర్స్-యారో కంపెనీ ‘టూరింగ్ లాండో’ అనే కారును ప్రదర్శనకు పెట్టింది. అందులో వెనక సీటును విప్పితే పడక అయ్యేది, డ్రైవరు సీటు వీపున మడతపెట్టుకునే సింకు ఉండేది, యజమాని తన డ్రైవరుతో టెలిఫోన్‌లో మాట్లాడేవాడు.

ఆ కాలపు సంపన్నుల అలవాటు ఒకటి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. వారు ఛాసిస్‌ను, అంటే ఇంజను, చక్రాలు, ఇనప చట్రం కలిసిన అడుగుభాగాన్ని, ఒక కంపెనీ దగ్గర కొని, పైభాగాన్ని మరో కర్మాగారంలో తమ అభిరుచికి తగినట్టు కట్టించుకునేవారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌కు బాడీ కట్టించే పద్ధతి ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మామూలు కార్ల పరిశ్రమ త్వరలోనే ఆ పద్ధతిని వదిలేసి బండి మొత్తాన్ని ఒకే కప్పు కింద తయారుచేయసాగింది గాని, మోటార్‌హోమ్ పరిశ్రమ నేటికీ చాలావరకు దాన్నే పట్టుకుని ఉంది. బండి ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. ఈ ద్వంద్వ జననమే ఆ వాహనం గుణదోషాలన్నిటికీ మూలం.

సామాన్యులు ఈ రంగంలోకి వచ్చింది 1919లో, ఫ్లారిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అనే సంఘం ఏర్పడినప్పుడు. చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి కార్లలో గుడారాలూ పరుపులూ వేసుకుని వచ్చిన ఆ జనం, గుర్తుగా రేడియేటర్ మూతకు ఒక రేకు డబ్బా తగిలించుకునేవారు. ఆ తరవాతి దాదాపు నాలుగు దశాబ్దాలూ ట్రైలర్లవే. చివరికి 1958లో మిషిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీకి చెందిన రేమండ్ ఫ్రాంక్ తన కుటుంబం కోసం ఇల్లూ ఇంజనూ ఒకటిగా ఉన్న బండిని కట్టుకోవడం, చూసినవారు తమకూ కావాలనడం, 1960ల మొదట్లో ఆయన డాడ్జ్ ఛాసిస్ మీద అటువంటివి కట్టి అమ్మడం జరిగాయి.

ధరను నేలకు దించింది మాత్రం అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరు. అక్కడ ఫర్నిచర్ వ్యాపారం చేసుకునే జాన్ కె. హాన్సన్ దివాలా అంచుకు చేరిన ఒక ట్రైలర్ ఫ్యాక్టరీని చేపట్టి, దానికి విన్నెబేగో అని పేరు పెట్టి, 1966 నుంచి మోటార్‌హోమ్‌లను అసెంబ్లీ లైన్ మీద తయారుచేయించాడు. పల్చటి అల్యూమినియం రేకుకూ లోపలి చెక్క పలకకూ మధ్య నురగ పదార్థాన్ని అతికించి చేసిన గోడలను కంపెనీ తానే తయారుచేసుకోవడం వల్ల బండి తేలికైంది, పోటీదారుల ధరలో సుమారు సగానికే అమ్మగలిగారు. అదే సమయానికి మరో రెండు ఏర్పాట్లు సిద్ధంగా ఉన్నాయి. 1956 నాటి చట్టం 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణానికి పూనుకుంది. 1961లో చేసిన సవరణ వల్ల, అంతకుముందు స్త్రీలకు మాత్రమే ఉన్న వెసులుబాటు పురుషులకూ దక్కి, 62 ఏళ్లకే కొంత తగ్గించిన సామాజిక భద్రత పింఛను పుచ్చుకోవడం సాధ్యమైంది. ఒంట్లో ఇంకా సత్తువ ఉన్న వయసులో, నెలనెలా వచ్చే రాబడితో, ఎర్రదీపాలు లేని రోడ్డు మీద, కొనగలిగిన ధరకు ఇల్లు దొరికింది. ఈ నాలుగూ ఒకే తరానికి అమరడం చరిత్రలో అరుదైన విషయం.

ద్వంద్వ జననాన్ని ఒకసారి జనరల్ మోటార్స్ కంపెనీ ఎదిరించి చూసింది. 1973 నుంచి 1978 వరకు అది ఛాసిస్, ఇల్లు రెండూ తానే రూపొందించి జీఎంసీ మోటార్‌హోమ్‌ను అమ్మింది. ముందు చక్రాలనే ఇంజను తిప్పుతుంది కాబట్టి నేల కింద పొడవైన ఇరుసు కడ్డీ అవసరం లేకపోయింది. దాంతో నేల బాగా కిందికి వచ్చి, మోకాళ్ల నొప్పులున్నవారు కూడా సులభంగా ఎక్కగలిగే గడప ఏర్పడింది. దురదృష్టవశాత్తు ఆ బండి వచ్చిన ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. పదమూడు వేలకు లోపే తయారై ఆగిపోయిన ఆ బండ్లను ఇప్పటికీ ప్రాణప్రదంగా చూసుకునేవారు ఉన్నారంటే, ఆ ఆలోచన ఎంత సరైనదో ఊహించుకోవచ్చు.

ఇక కొనుగోలు విషయానికి వస్తే, మార్కెట్లో మూడు తరగతులు కనిపిస్తాయి. బస్సులా ముఖం చదునుగా ఉండేది క్లాస్ ఏ. వ్యాను లోపలే అమర్చినది క్లాస్ బి. ట్రక్కు క్యాబిన్ వెనక ఇల్లు కట్టి, క్యాబిన్ నెత్తి మీదికి కూడా పడకను పొడిగించినది క్లాస్ సి. కొనేవారి చూపు సహజంగా వంటగది మెరుపు మీద, సోఫాల మెత్తదనం మీద పడుతుంది గాని, ముందు చదవవలసింది బండి లోపల అతికించిన బరువు చీటీని. ఛాసిస్ కంపెనీ తన బండి మోయగల గరిష్ఠ బరువును నిర్ణయించి ఇస్తుంది. ఇల్లు కట్టినవారు అందులో ఎంత వాడుకుంటే అంత పోగా మిగిలినదే మనుషులకూ సామానుకూ దక్కే వాటా. ఉదాహరణకు చీటీ మీద 600 కిలోలని ఉందనుకుంటే, ఇద్దరు మనుషులకు 150, నిండు నీళ్ల ట్యాంకుకు మరో 150 పోతాయి, ఎందుకంటే లీటరు నీటి బరువు కిలో. మిగిలిన 300 కిలోల్లోనే గిన్నెలు, బట్టలు, పనిముట్లు, సైకిళ్లు, అదనపు బ్యాటరీలు, ఏడాదికి సరిపడా మందులు సర్దుకోవాలి. సెలవులకు వారం రోజులు వెళ్లే కుటుంబానికి ఇది చాలు. ఉన్న ఇల్లే వదిలి వచ్చినవారికి చాలదు. 1990ల్లో మోటార్‌హోమ్‌లలో ప్రాచుర్యంలోకి వచ్చిన స్లైడ్-అవుట్‌లు, అంటే బండి ఆగాక పక్కకు జరిపితే గది వెడల్పయ్యే గోడలు, ఈ వాటాను ఇంకా తగ్గిస్తాయి.

బరువు తరవాత రెండో శత్రువు నీరు. అతికించిన పొరల గోడ తేలికదనానికి చెల్లించే మూల్యం ఇక్కడ బయటపడుతుంది. కప్పు అతుకుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి, క్లాస్ సి బండ్లలో నెత్తి మీది పడక ముందు అతుకులోంచి దిగిన తడి లోపలి చెక్కను కుళ్లబెడుతుంది. బయటి పొర పట్టు వదిలి ఉబ్బుతుంది. పాత బండి చూడబోయినవారు గోడ పొడుగునా అరచేత్తో నొక్కుకుంటూ వెళ్లడం, ఏటవాలు వెలుతురులో పక్క నుంచి చూస్తూ అలల్లాంటి ఉబ్బు కోసం వెదకడం, పడక కింది అరలు తెరిచి ముక్క వాసన పసిగట్టడం అవసరం. టైర్ల సంగతి తేలిక: పక్క గోడ మీది అంకెల్లో చివరి నాలుగూ 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల కనిపించకపోయినా వయసు మీరితే మార్చవలసిందే.

ఇంటి భాగంలో ఎక్కువ కుతూహలం కలిగించేది ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోమ్ విద్యార్థులు బాల్ట్సర్ ఫన్ ప్లాటన్, కార్ల్ మున్టెర్స్ కదిలే భాగాలేవీ లేకుండా, కేవలం వేడితో అమోనియాను తిప్పి చల్లదనం పుట్టించే యంత్రాన్ని కనిపెట్టారు. చిన్న గ్యాస్ మంటతో నడిచే ఈ ఫ్రిజ్ కరెంటు లేని ఎడారిలో కూడా పాలను కాపాడుతుంది. అయితే లోపలి ద్రవం తన బరువుతోనే కిందికి జారాలి కాబట్టి బండిని సమతలంగా నిలపాలి. వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి చొప్పున రెండు మురుగు ట్యాంకులు ఉంటాయి. ఖాళీ చేసేటప్పుడు మరుగుదొడ్డిదే ముందు తెరిచి, తరవాత సబ్బు నీళ్లు వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. బరువైన ఆ గొట్టాన్ని వంగి తగిలించడం డెబ్బై ఏళ్ల వయసులో ఎవరి పని అన్నది కొనకముందే తేల్చుకోదగ్గ విషయం.

ఈ జీవితానికి తగిన సంస్థలు కూడా క్రమంగా ఏర్పడ్డాయి. అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్‌సైట్ పరిసరాల ప్రభుత్వ ఎడారి భూముల్లో 1983 నుంచి దీర్ఘకాల విడిదికి అనుమతిస్తున్నారు. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండడానికి రుసుము తీసుకుని పర్మిట్ ఇస్తారు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్లు పోగొట్టుకుని, విధిలేక వ్యాన్లలోకి మారి, గిడ్డంగుల్లో, శిబిరాల్లో కూలికి కుదిరిన ముసలివారు కూడా ఆ ఎడారిలోనే తలదాచుకున్నారు. వారి బండ్లను విహారపు బండ్లతో ఒకే గాట కట్టడం అన్యాయం.

జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు 1978లో స్థాపించిన ఎస్కపీస్ క్లబ్, టెక్సస్ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ కేంద్రంగా, స్థిర చిరునామా లేని సభ్యుల ఉత్తరాలు అందుకుని వారు ఎక్కడుంటే అక్కడికి పంపుతూ వస్తోంది. అనారోగ్యం వల్ల, ముసలితనం వల్ల ఇక తిరగలేనివారు తమ బండిలోనే నివసిస్తూ భోజనం, సంరక్షణ పొందే కేంద్రాన్ని కూడా అక్కడే నెలకొల్పారు. అంతవరకూ రాకముందే ఎదురయ్యే పరిస్థితి మరొకటి ఉంది: దంపతుల్లో ఎప్పుడూ స్టీరింగ్ పట్టేవారు మంచం పడితే, పరాయి రాష్ట్రంలో నిలిచిన బండిని ఆసుపత్రి దాకా నడపవలసింది రెండోవారే. అందుచేత ఏ తరగతి, ఎంత పొడవు అన్న నిర్ణయానికి ముందు అటువంటి బండినే కొన్ని వారాలు అద్దెకు తీసుకుని, ఇద్దరూ నడిపి, ఇద్దరూ వెనక్కి తీసి నిలిపి, ఇద్దరూ ట్యాంకులు ఖాళీ చేసి చూడడం మంచిది.