సూదిమొనతో వచ్చిన కామెర్లు

కామెర్లు అనగానే మనకు కలుషితమైన నీరు స్ఫురించడము సహజము. కాని నీటితో నిమిత్తము లేక, ఒకరి నెత్తురునుండి మరొకరి నెత్తురులో ప్రవేశించే కామెర్లు కూడా కలవు. వీటి చరిత్రలో విషాదమేమంటే, రోగమును నివారింపబోయిన చేతులే పలుమారులు రోగమును పంచిపెట్టినవి.

1883లో జర్మనీలోని బ్రేమెన్ నగరములో 1,289 మంది ఓడల కార్మికులకు మశూచి టీకాలు వేశారు. ఆ టీకామందు మనుష్యుల పొక్కులనుండి తీసిన రసితో చేసినది. కొన్ని నెలలలో వారిలో 191 మందికి కామెర్లు సోకినవి. అక్కడనే పనిచేస్తూ, ఆ మందు వేయించుకొననివారికి సోకలేదు. లూర్మన్ అనే వైద్యుడు ఈ భేదమును గుర్తించి, 1885లో ప్రకటించాడు. వైరస్ అనేది ఒకటున్నదని ఎవరికీ తెలియని రోజులలో, కేవలము లెక్కలు సరిచూచి ఆయన దోషమును పట్టుకొన్నాడు.

ఆ హెచ్చరికను లోకము తగినంతగా చెవిని పెట్టలేదు. 1942లో అమెరికా సైనికులకు వేసిన ఎల్లో ఫీవరు టీకాలో మానవ రక్తరసము కలిసి ఉన్నది. సుమారు 50,000 మంది కామెర్లతో ఆసుపత్రుల పాలైనారు.

1960 తరువాతి సంవత్సరాలలో బారుక్ బ్లంబర్గ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో ఒక వింత పదార్థమును కనుగొన్నాడు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొరలోనిదని పిమ్మట తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. దాతల రక్తమును పరీక్షించుటకూ, టీకా తయారు చేయుటకూ ఇదే దారి చూపినది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఆ టీకాను మన దేశములోనే తయారుచేసి విడుదల చేసినది.

అయినను 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతములో, వాడిన సిరంజీలనే మరల వాడినందువల్ల ఈ వ్యాధి చెలరేగి అనేకులు మరణించారు. ఈ వైరస్ శరీరము వెలుపల, ఎండిన నెత్తుటిలోనైనా, ఏడు దినములు జీవించగలదు. కంటికి తళతళలాడే సూదిని నమ్మరాదు. హెపటైటిస్ సి, ఎయిడ్స్ క్రిములదీ ఇదే మార్గము. వాటికి టీకా లేదు.

కనుక ఇంజక్షనుకు కొత్త సిరంజి, క్షౌరమునకు కొత్త బ్లేడు ఉండవలెను. పుట్టిన బిడ్డకు మొదటి దినముననే హెపటైటిస్ బి టీకా వేయించవలెను. పరుల నెత్తురు అంటిన సూది గుచ్చుకొన్నచో, ఆ చోటును సబ్బునీటితో కడిగి, జాగు చేయక వైద్యుని చూడవలెను. రోగితో కలిసి భుజించినందువల్ల, చేయి కలిపినందువల్ల ఇవి సోకవు; అతనిని దూరము చేయ పనిలేదు.

వైద్యునియెడ మనకు గౌరవము ఉండవలసినదే. "ఇది కొత్త సూదియేనా, అండీ?" అని అడుగుటవలన ఆ గౌరవమునకు లోపము రాదు.