1946 డిసెంబర్ 17: బాబాసాహెబ్ ఎటువైపు నిలబడ్డారు?

ఎన్నికలు దగ్గరపడితే మన వాడల్లో అంబేడ్కర్ విగ్రహానికి రెండు దండలు పడతాయి. రెండు పార్టీలవాళ్లు వేరువేరుగా వచ్చి వేసిపోతారు. ఇటువాడు అటువాడితో కలిసి టీ తాగితే చాలు, అమ్ముడుపోయాడంటారు. ఈ లెక్కన 1946 డిసెంబర్ 17న బాబాసాహెబ్‌కూ ఆ మాట తప్పేది కాదు.

అప్పటికి కాంగ్రెస్‌తో ఆయన వైరం ఎంత ముదిరిందో గుర్తు చేసుకోవాలి. 1932 పూనా ఒడంబడిక గాయం మానలేదు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి చేసిందేమిటో నిలదీస్తూ ఏకంగా పుస్తకమే రాశారు. 1946 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల సమాఖ్య చిత్తుగా ఓడింది. రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి దారి మూసుకుపోతే, జోగేంద్రనాథ్ మండల్ పూనికతో బెంగాల్ నుంచి గెలిచి వచ్చారు.

డిసెంబర్ 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టారు. ముస్లిం లీగ్ సభను బహిష్కరించింది. లీగ్, సంస్థానాల ప్రతినిధులు వచ్చేదాకా ఆగుదామని 16న ఎం.ఆర్. జయకర్ సవరణ తెచ్చారు. కాంగ్రెస్ వారికి అది రుచించలేదు. మర్నాడు రాజేంద్రప్రసాద్ అనుకోకుండా అంబేడ్కర్‌ను పిలిచారు. తనకు ముందు ఇరవైమందికి పైగా ఉన్నారనుకున్నానని, సిద్ధపడే వ్యవధి దొరకలేదని ఆయన చెప్పుకున్నారు.

తీర్మానాన్ని ఆయన పొగడలేదు. సోషలిస్టునని చెప్పుకునే నెహ్రూ నుంచి ఇంతేనా వచ్చేదని ప్రశ్నించారు. హక్కులు చెప్పారు గాని, వాటికి భంగం కలిగితే పరిహారం ఏదన్నారు. (లా చదివినవాళ్లకు ఇక్కడే 32వ అధికరణం మొలక కనిపిస్తుంది.) ఆ వెంటనే మనం కొట్లాడుకునే శిబిరాలుగా చీలి ఉన్నామని, బహుశా అలాంటి ఒక శిబిరానికి తానూ నాయకుణ్ణేనని ఒప్పుకున్నారు. అయినా ఈ దేశం ఒకటి కావడం ఖాయమన్నారు. జయకర్ సవరణను సమర్థించారు. తీర్మానం ఆమోదించే హక్కు సభకు ఉందా లేదా అన్నది కాదు, ఇప్పుడే ఆమోదించడం వివేకమా కాదా అన్నదే అసలు ప్రశ్న అన్నారు. లీగ్ రాజకీయాలతో ఆయన ఏకీభవించలేదు, బలమైన కేంద్రమే కావాలన్నారు. ఐనా లీగ్ కోసం తలుపు తెరిచి ఉంచమన్నారు.

దీన్ని మధ్యేవాదం అనడం నాకు నచ్చదు. ఎవరినీ నొప్పించని మాట ఒక్కటీ అందులో లేదు. మజ్ఝిమ నికాయంలో ఉపాలి గృహపతి నిగంఠుల్ని వదిలి తన దగ్గరకు వస్తే, వాళ్లకు భిక్ష మాత్రం ఆపవద్దని బుద్ధుడు చెప్పాడు. నిగంఠుల వాదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అంబేడ్కర్ ఆనాడు చేసిందీ ఆ తీరుదే.

తీర్మానం వాయిదా పడి 1947 జనవరి 22న ఆమోదం పొందింది. లీగ్ మాత్రం రాలేదు. దేశ విభజనతో ఆయన బెంగాల్ స్థానం పోయింది. 1947 జూన్ 30న రాజేంద్రప్రసాదే బొంబాయి ప్రధాని బి.జి. ఖేర్‌కు ఉత్తరం రాసి, జయకర్ ఖాళీ చేసిన స్థానంలో ఆయనను ఎన్నిక చేయమని కోరారు. ఆగస్టు 29న ముసాయిదా కమిటీ ఏర్పడింది, దాని అధ్యక్షత ఆయనకు దక్కింది.

కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు గాని కాంగ్రెస్‌లో చేరలేదు. హిందూ కోడ్ బిల్లును నడిమధ్య వదిలేశారని 1951 సెప్టెంబర్‌లో రాజీనామా చేశారు. మరుసటి ఏడు ఉత్తర బొంబాయిలో సమాఖ్య గుర్తు మీదే నిలబడ్డారు. ఆయనను ఓడించింది కాంగ్రెస్ అభ్యర్థి.