రంగంలో సూర్యుడు, రేడియోలో హోరు

1942 ఫిబ్రవరి ఆఖరు. మనవాళ్లు రంగం అని పిలుచుకున్న రంగూన్ ఖాళీ అవుతోంది. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ ఒళ్లు వంచిన తెలుగు కూలీలు ఎందరో అప్పటికే కాలినడకన అరకాన్ కొండల దారి పట్టారు. మార్చి 8న ఊరు జపాన్ వశమైంది. సరిగ్గా ఆ ఫిబ్రవరి చివర్లోనే ఇంగ్లండులో సైన్యం రాడార్లు ఒక్కసారిగా హోరుతో నిండిపోయాయి. రాడార్లను చెడగొడుతున్నారని ముందు అనుమానం జర్మన్ల మీదికే పోయింది. సైన్యంలో పనిచేసే శాస్త్రవేత్త జె.ఎస్. హే దిక్కులు లెక్కగట్టి చూస్తే, హోరు సూర్యుడి వెంట కదులుతోంది! ఆ రోజుల్లో సూర్యబింబం మీద పెద్ద మచ్చల గుంపు ఉంది. యుద్ధ రహస్యం కనుక ఈ సంగతి 1946 దాకా అచ్చులోకి రాలేదు.

1950లో ఆస్ట్రేలియాలో పాల్ వైల్డ్, మెక్‌క్రెడీ ఈ హోరును మూడు రకాలుగా విడదీశారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది మూడో రకం. దాని పౌనఃపున్యం కొద్ది సెకన్లలోనే జారిపోతుంది. కారణం చూడండి: ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు విడివడిన వేడి వాయువులో, ఎలక్ట్రాన్లు ఎంత ఒత్తుగా ఉంటే అది అంత వేగంగా కంపిస్తుంది. 100 మెగాహెర్ట్జ్ అంటే ఘన సెంటీమీటరుకు దాదాపు 12 కోట్ల ఎలక్ట్రాన్లు, 34.5 అంటే కోటిన్నర. సూర్యుడి వాతావరణంలో పైకి పోయేకొద్దీ ఈ ప్లాస్మా పల్చన. ఆ పల్చబడే మెట్ల మీదుగా సెకనుకు లక్ష కిలోమీటర్ల చొప్పున ఎలక్ట్రాన్ల గుంపు దూసుకుపోతే, శ్రుతి అలా దిగుతూ పోతుంది.

గుంపు కంపాన్ని ఎలా రేపుతుంది? అలకన్నా కాస్త వేగంగా పోయే ఎలక్ట్రాన్, ఉయ్యాలను అదను చూసి తోసినట్టు, తన శక్తిని దానికి ఇస్తుంది. భౌతిక శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ 1920లలో గాజుగొట్టాల్లో చూసిన అలలే ఇవి. అవి రేడియో తరంగాలుగా మారే తీరును 1958లో గింజ్‌బర్గ్, జెలెజ్నికోవ్ వివరించారు. 1964లో స్టరాక్ గట్టి ప్రశ్న వేశాడు: ఇంత శక్తిని అలలకు ధారపోసే గుంపు దారిలోనే ఆగిపోవాలి కదా? మరి భూమిదాకా ఎలా వస్తోంది? గుంపులో ముందున్న ఎలక్ట్రాన్లు రేపిన అలల్ని వెనకవి తిరిగి పీల్చుకుంటాయన్నది ఒక జవాబు. లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. 1976 నాటికి హీలియోస్ నౌక ఆ అలల్ని అంతరిక్షంలోనే పట్టింది.

మనకు దగ్గర్లో, వీధుల్లో తెలుగు వినిపించే కర్ణాటకలోని గౌరిబిదనూరులో, సి.హెచ్.వి. శాస్త్రి బృందం 34.5 మెగాహెర్ట్జ్‌కు వెయ్యి డైపోల్ యాంటెన్నా తీగలను టీ ఆకారంలో పరిచింది. ఒక్క తూర్పు పడమర చెయ్యే 1.4 కిలోమీటర్లు. 1997 నుంచి అక్కడి రేడియోహీలియోగ్రాఫ్ సూర్యుణ్ణి బొమ్మ కట్టి చూపుతోంది. యాంగోన్ (నాటి రంగూన్) నడినెత్తి దాటిన సూర్యుడు గంటంబావుకు అక్కడి నడినెత్తికి చేరతాడు. ఆ మధ్యలో మూడో రకం పేలుడు జరిగితే, 20 మెగాహెర్ట్జ్ దగ్గర తిప్పి ఉంచిన షార్ట్‌వేవ్ రేడియోలో రెండు ఊళ్లలోనూ ఒకే శబ్దం: అల ఒకటి లేచి, ఒడ్డును తాకి, మెల్లగా వెనక్కి పోతున్నట్టు.