ఆంథొనీ ట్రోలప్

ఆంథొనీ ట్రోలప్ (1815 ఏప్రిల్ 24 – 1882 డిసెంబరు 6) విక్టోరియా రాణి కాలపు ఇంగ్లిషు నవలాకారుడు. బ్రిటిష్ తపాలా శాఖలో ముప్ఫై మూడేళ్లు కొలువు చేశాడు, 47 నవలలు రాశాడు. బార్సెట్‌షైర్ అనే ఊహా జిల్లాలో నడిచే ఆరు నవలలూ, పార్లమెంటు రాజకీయాల చుట్టూ తిరిగే ఆరు పాలిసర్ నవలలూ వాటిలో పేరెన్నికగన్నవి. చనిపోయిన మరుసటి ఏడు, 1883లో, అతని ఆత్మకథ అచ్చయింది. తన రాత పని గురించి అంత దాపరికం లేకుండా చెప్పుకున్న రచయితలు అరుదు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాణ్ననీ, పుస్తకాల మీద ఇన్ని పౌండ్లు గడించాననీ అందులో లెక్కలతో సహా ఉంది. చదివినవాళ్లకు ఆ గడియారమే గుర్తుండిపోయింది. రచయిత పాత్రలతో పగలూ రాత్రీ కలిసి బతకాలని అదే పుస్తకంలో చెప్పిన మాట వెనకబడిపోయింది. ఆ మాట లేకపోతే గడియారానికి అర్థం లేదు.

బాల్యం

ట్రోలప్ లండన్‌లో, రస్సెల్ స్క్వేర్ దగ్గరి కెపెల్ స్ట్రీట్‌లో పుట్టాడు. తండ్రి థామస్ ఆంథొనీ న్యాయవాది. చదువుకున్నవాడే గాని ముక్కోపి. ఆ కోపానికే క్లయింట్లు ఒక్కొక్కరే దూరమయ్యారు. హారో దగ్గర భూమి కౌలుకు తీసుకుని వ్యవసాయంలోకి దిగితే మిగిలిన డబ్బూ పోయింది. చుట్టుపక్కల ఉండేవాళ్ల పిల్లలకు రాయితీ ఉంది కాబట్టి కొడుకును అక్కడి ప్రసిద్ధమైన బడిలో వేశాడు. సంపన్నుల పిల్లలు బడిలోనే ఉండి చదువుకునేవాళ్లు. ఇతనేమో బురద దారుల్లో నడిచి, మాసిన బట్టలతో వచ్చేవాడు. ఆటల్లోకి ఎవరూ రానిచ్చేవాళ్లు కాదు.

తోడు లేని ఆ పిల్లవాడు మనసులోనే కథలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకే కథను వారాలు, నెలలు, ఒక్కోసారి ఏడాది దాటినా వదలకుండా నడిపేవాడు. కథలో నాయకుడు తనే అయినా రాజు కాకూడదు, మహావీరుడు కాకూడదు, జరగడానికి వీల్లేనిదేదీ జరగకూడదు అని తనకు తనే కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఈ అలవాటు మనిషికి మంచిది కాదేమోనని పెద్దయ్యాక అనుమానపడుతూనే, అది లేకపోతే తాను నవల రాసి ఉండేవాణ్నే కాదని ఒప్పుకున్నాడు. పావుగంటకు 250 మాటలు ఎక్కణ్నుంచి ఊరేవో తెలుసుకోవాలంటే ఇక్కడ చూడాలి.

పొద్దున్నే లేచి రాయడం తల్లి దగ్గర అబ్బింది. ఫ్రాన్సెస్ ట్రోలప్ అమెరికా వెళ్లి సిన్సినాటిలో పెద్ద దుకాణం పెట్టి దెబ్బతింది. తిరిగొచ్చి అమెరికన్ల తీరుతెన్నులను ఎద్దేవా చేస్తూ రాసిన పుస్తకం 1832లో అచ్చయి అట్లాంటిక్‌కు రెండు పక్కలా గగ్గోలు లేపింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. 1834లో అప్పులవాళ్ల బాధ పడలేక కుటుంబం బెల్జియంలోని బ్రూజ్‌కు పారిపోయింది. అక్కడ ఒక కొడుకు క్షయతో మంచంపట్టాడు, భర్తా అదే దారిలో ఉన్నాడు. రాత్రంతా రోగుల దగ్గర మేలుకుని, ఆ ఇంట్లోనే నవలలు రాసి ఆమె సంసారం నెట్టుకొచ్చింది. మందు సీసాల పక్కనే సిరాబుడ్డి ఉండేది. కొడుకు ఆ డిసెంబరులో, భర్త మరుసటి ఏడు పోయారు. ఆమె మాత్రం నలభైకి పైగా పుస్తకాలు రాసింది.

తపాలా కొలువు

1834లో, పందొమ్మిదేళ్ల వయసులో, లండన్ పెద్ద పోస్టాఫీసులో ఏడాదికి 90 పౌండ్ల జీతం మీద గుమాస్తాగా చేరాడు. ఆలస్యంగా వెళ్లడం, పైవాళ్లతో పేచీలు, దర్జీకి పడ్డ బాకీ వడ్డీవ్యాపారి చేతికి పోయి పెరగడం, ఇలా ఏడేళ్లు గడిచాయి. 1841లో ఐర్లండ్‌లోని బానహర్‌లో సర్వేయరు కింద పని ఖాళీ అయితే అడిగి మరీ వెళ్లాడు. అక్కడ మనిషే మారిపోయాడు. గుర్రం కొన్నాడు, నక్కల వేట మప్పుకున్నాడు, పని మీద ఊళ్లు తిరిగాడు. 1844లో రోజ్ హెసెల్‌టైన్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1843లో డ్రమ్స్నా అనే ఊళ్లో పాడుబడిన ఒక పెద్ద ఇంటిని చూసి, ఆ ఇంటివాళ్లు ఎలా చితికిపోయి ఉంటారా అని ఊహిస్తూ మొదటి నవల మొదలుపెట్టాడు. 1847లో వచ్చిన ఆ నవల మీద అతనికి ఒక్క పెన్నీ రాలేదు. రెండోది 375 ప్రతులు అచ్చువేస్తే 140 అమ్ముడుపోయాయి. ప్రచురణకర్త తనకు వచ్చిన నష్టాన్ని పెన్నీలతో సహా లెక్కకట్టి ఉత్తరం రాశాడు. ట్రోలప్ ఆ ఉత్తరం సంగతి ఆత్మకథలో దాచుకోలేదు.

1851 నుంచి పల్లెలకు ఉత్తరాలు అందే దారులు సరిచేసే పని పడింది. తపాలా బంట్రోతును రోజుకు పదహారు మైళ్లకు మించి నడిపించకూడదని నియమం. దారులు కొలుస్తూ గుర్రం మీద ఇంగ్లండు నైరుతి జిల్లాలన్నీ తిరిగాడు. తెలియని ఇళ్ల తలుపులు కొట్టి, మీకు ఉత్తరాలు ఏ వేళకు వస్తున్నాయని అడిగేవాడు. ఏ ఇంట్లో ఎవరుంటారు, ఏ పాదిరికి ఎంత ఆదాయం, ఏ జమీందారుకు ఎవరంటే పడదు అన్నవి నవలలకు అలా అందాయి. ఫ్రాన్సులో వాడుకలో ఉన్న పోస్టు డబ్బాలను చూసి, ఛానెల్ దీవుల్లోనూ పెట్టమని సిఫారసు చేసిందీ ఇతనే. 1852లో జెర్సీ దీవిలో అవి నిలబడ్డాయి.

ఈ కొలువుకు మన దేశంతోనూ కొంచెం లంకె ఉంది. ఇండియాకూ ఆస్ట్రేలియాకూ పోయే ఉత్తరాల సంచులను ఈజిప్టు గుండా రైలు మీద పంపే ఒప్పందం కోసం 1858లో ఇతన్ని అక్కడికి పంపారు. తరువాత ఈజిప్టుకు ప్రధానమంత్రి అయిన నూబార్‌తో బేరాలు సాగించి పని పూర్తిచేసుకొచ్చాడు. ఇంకో లంకె సరదాది. పోటీ పరీక్షలు పెట్టి ప్రభుత్వోద్యోగులను ఎంచడమంటే ట్రోలప్‌కు గిట్టదు. ఆ సంస్కరణకు పట్టుబట్టిన చార్లెస్ ట్రెవెల్యన్‌ను ‘ద త్రీ క్లర్క్స్’ నవలలో సర్ గ్రెగొరీ హార్డ్‌లైన్స్ అనే పేరుతో వెక్కిరించాడు. ఆ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. తరవాత ఇద్దరూ స్నేహితులయ్యారు; ట్రెవెల్యన్‌నే ఆయన ఇంట్లో సర్ గ్రెగొరీ అని పిలుచుకునేవాళ్లట.

బార్సెట్‌షైర్

పల్లెలు తిరిగే రోజుల్లోనే ఒక వేసవి సాయంత్రం సాల్స్‌బరీలో, కెథీడ్రల్ పరిసరాల్లో తచ్చాడుతుండగా ‘ద వార్డెన్’ కథ తట్టింది. పన్నెండుమంది వృద్ధుల కోసం ఏనాడో ఎవరో రాసిచ్చిన ఆస్తి. దాని రాబడి పెరిగిపోయి, సత్రానికి పెద్దగా ఉన్న పాదిరి హార్డింగ్‌కు ఏడాదికి 800 పౌండ్లు ముడుతుంటాయి. అది అన్యాయమని పత్రికలు ఎత్తిపొడుస్తాయి. హార్డింగ్ మంచివాడు, సంగీతం తప్ప ఇంకో యావ లేనివాడు. అతనికి అనుమానం పుడుతుంది, ఉద్యోగం వదిలేస్తాడు. కథ ఇంతే. 1855లో వచ్చిన ఈ చిన్న నవల మొదటి ఏడు రాబట్టింది పది పౌండ్ల లోపే. కానీ దాని వెనకే ‘బార్చెస్టర్ టవర్స్’ (1857), ‘డాక్టర్ థార్న్’ (1858), ‘ఫ్రామ్లీ పార్సనేజ్’ (1861), ‘ద స్మాల్ హౌస్ ఎట్ ఆలింగ్టన్’ (1864), ‘ద లాస్ట్ క్రానికల్ ఆఫ్ బార్సెట్’ (1867) వరసగా వచ్చాయి. చర్చి పెద్దల కీచులాటలు ఇంత సహజంగా ఎలా రాశావని అడిగితే, అప్పటికి తనకు ఒక్క ఆర్చ్‌డీకన్‌తోనైనా పరిచయం లేదని చెప్పాడు. ఆ పదవిలో ఉన్న మనిషి ఎలా ఉండాలో ఆలోచించి రాశానన్నాడు.

బిషప్‌ను కొంగున కట్టేసుకుని జిల్లా అంతా ఏలే మిసెస్ ప్రౌడీ ఈ నవలల్లో అందరికీ గుర్తుండే మనిషి. ఒకరోజు ట్రోలప్ లండన్ అథీనియం క్లబ్బులో కూర్చుని రాసుకుంటుంటే, పక్కన ఇద్దరు పాదిరీలు అతని నవలల్లో అవే మనుషులు మళ్లీ మళ్లీ వస్తున్నారని విసుక్కుంటూ, ఈమె పేరు తీసి మరీ తిట్టారు. ఇతను లేచి వెళ్లి, ఆ రాసింది తనేననీ, వారం తిరక్కుండా ఆమెను చంపేస్తాననీ చెప్పాడు. చెప్పినట్టే చివరి నవలలో చంపేశాడు. తొందరపడ్డానని తరువాత చాలాసార్లు బాధపడ్డాడు. ఆమె దయ్యం తనతోనే ఉంటోందని రాసుకున్నాడు.

రాసిన తీరు

1859 చివర లండన్‌కు దగ్గరలోని వాల్తామ్ క్రాస్‌కు కాపురం మార్చాక అతని దినచర్య స్థిరపడింది. ఉదయం ఐదున్నరకు బల్ల ముందు ఉండాలి. నిద్రలేపి కాఫీ తెచ్చిచ్చినందుకు ముసలి నౌకరుకు ఏడాదికి ఐదు పౌండ్లు అదనం. తన విజయంలో మరెవరికన్నా ఆ ముసలాయనకే ఎక్కువ రుణపడ్డానంటాడు. మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడం, వాక్యాల నడక చెవికి ఎలా ఉందో చూసుకోవడం. తరువాత గడియారం. ఎనిమిదిన్నరకు కలం కింద పెట్టి, బట్టలు మార్చుకుని, ఫలహారం చేసి కొలువుకు. నవల మొదలుపెట్టేటప్పుడు ఒక దినచర్య పుస్తకం వేసి, ఏ రోజు ఎన్ని పేజీలో అందులో గుర్తుపెట్టేవాడు. పేజీకి 250 మాటలు, వారానికి సగటున 40 పేజీలు. ఒక్కోసారి 20కి తగ్గేది, ఒకసారి 112కు పెరిగింది. పని ఎగ్గొట్టిన వారం ఆ పుస్తకంలో ఖాళీగా కనబడి మనసు కలుక్కుమనిపించేదట.

ప్రయాణాలూ అడ్డం కాలేదు. ‘బార్చెస్టర్ టవర్స్’లో చాలా భాగం రైలు పెట్టెలో, ఒడిలో చిన్న పలక పెట్టుకుని పెన్సిలుతో రాశాడు, తరువాత భార్య సాపు రాసింది. ఈజిప్టు వెళ్లే ఓడలో కడుపులో తిప్పి కాగితాలు వదిలి పరుగెత్తాల్సివచ్చినా, తిరిగొచ్చి ‘డాక్టర్ థార్న్’ కొనసాగించాడు. అది ముగించిన మర్నాడే ఇంకో నవల ఎత్తుకున్నాడు. 1875లో ట్రోలప్‌తో పాటు ఒకే ఓడలో ప్రయాణించిన నవలాకారుడు హెన్రీ జేమ్స్, సముద్రం ఎంత అల్లకల్లోలంగా ఉన్నా ఈ మనిషి పొద్దుటి రాత ఆగకపోవడం చూసి అబ్బురపడ్డాడు.

నవలాకారుడికి చెప్పినవి

ప్రేరణ వచ్చేదాకా ఆగుతానన్న రచయితను చూస్తే ట్రోలప్‌కు నవ్వు. చెప్పులు కుట్టేవాడు ప్రేరణ కోసం ఆగుతాడా అని అడుగుతాడు. కుర్చీలోంచి లేవకుండా అంటించి ఉంచే మైనమే రచయితకు ఎక్కువ అవసరమంటాడు. ఇక్కడితో చదవడం ఆపేసినవాళ్లు అతన్ని గుమాస్తా రచయిత అన్నారు. కానీ మూడు గంటలు ఆపకుండా రాయాలంటే, ఏం రాయాలో ఆ మూడు గంటల్లో వెతుక్కోకూడదు. మిగిలిన పొద్దంతా, నడుస్తున్నా గుర్రమెక్కినా, పాత్రలతోనే ఉండాలి. వాళ్లతో పోట్లాడాలి, వాళ్లను క్షమించాలి, అవసరమైతే వాళ్ల మాట వినాలి. నెల తిరిగేసరికి వాళ్లకు ఎంత వయసు మీరిందో రచయితకు తెలియాలి. కొండల్లో ఏకాంతంగా ఉన్న రోజుల్లో తన మనుషుల కష్టాలకు ఏడుస్తూ, వాళ్ల వెర్రికి నవ్వుతూ తిరిగాననీ, మామూలుకు రెట్టింపు పేజీలు అప్పుడే సాగాయనీ, తన రాతల్లో మేలైనవి కూడా అవేననీ చెప్పుకున్నాడు.

కథాసంవిధానానికి రెండో పీటే వేశాడు. విల్కీ కాలిన్స్ మొదటి పుట రాయకముందే ప్రతి సంఘటననూ గంటా నిమిషాలతో సహా బిగిస్తాడని మెచ్చుకుంటూనే, తనకది చేతకాదన్నాడు. ‘ద యూస్టస్ డైమండ్స్’లో నాయిక లిజీ నగల పెట్టెతో కార్లైల్ సత్రంలో పడుకునేదాకా దొంగలు వస్తారని అతనికే తెలియదు. పొద్దున తలుపు బద్దలై ఉందన్న కబురుతో ఆమె మేలుకునేదాకా, దొంగలకు ఖాళీ పెట్టే దక్కిందనీ తెలియదు. పాఠకుడి దగ్గర రహస్యాలు దాచడం కూడా ఇష్టం లేదు. ‘బార్చెస్టర్ టవర్స్’లో నాయిక ఫలానా ఇద్దరినీ పెళ్లాడదు, కంగారుపడకండని మధ్యలోనే చెప్పేస్తాడు. కథ నిజమన్న భ్రమను రచయితే చెడగొడితే ఎలాగని జేమ్స్ విరుచుకుపడింది దీనిమీదే.

సంభాషణ గురించి అతని సలహా కొలిచి చెప్పినట్టుంటుంది. కథను ముందుకు తోయని మాట పాత్ర నోట రాకూడదు. బలమైన కారణం ఉంటే తప్ప ఒక్కో పలుకు పదీ పన్నెండు మాటలు దాటకూడదు. జనం నిజంగా మాట్లాడుకునే తెగిన మాటలు యథాతథంగా దించితే చదవలేం, వ్యాకరణం ప్రకారం రాస్తే నమ్మలేం. రెంటికీ మధ్య చెవి పట్టుకోవాలి. పిట్టకథలు వద్దంటాడు. భాష మీద చూపు ఆగకూడదు, అర్థం తిన్నగా చేరాలి.

సీరియల్ విషయంలో ఇంకో నియమం పెట్టుకున్నాడు: నవల మొత్తం పూర్తికానిదే మొదటి భాగం అచ్చుకివ్వకూడదు. ఏ వారానికావారం రాసిచ్చే అలవాటున్న మన వారపత్రికల సీరియల్ రచయితలకు ఇది చాదస్తంగా తోచవచ్చు. థాకరే సంపాదకత్వంలో 1860లో మొదలైన ‘కార్న్‌హిల్’ పత్రిక వెయ్యి పౌండ్లిచ్చి ‘ఫ్రామ్లీ పార్సనేజ్’ను అడిగినప్పుడు వ్యవధి లేక నియమం సడలించాడు. అతనికి నిజంగా పేరు తెచ్చిందీ ఆ నవలే.

లోపాలు, కీర్తి

అంత రాస్తే తాలు తప్పదు. 1867లో ఉద్యోగం వదిలి ‘సెయింట్ పాల్స్’ పత్రికను నడిపితే అది నిలదొక్కుకోలేదు. 1868లో బెవర్లీ నుంచి పార్లమెంటుకు పోటీచేసి ఓడాడు. లంచాలు మేసిన ఆ నియోజకవర్గాన్నే తరువాత రద్దుచేశారు. నవలల్లో పద్నాలుగుమంది పిల్లలున్న పాదిరికి ఆ సంగతి సూచించేలా క్వివర్‌ఫుల్ అని పేరు పెట్టడం లాంటి మోటు హాస్యం కథ మీద నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. పేరునైనా నమ్ముతాను, పిల్లలనైనా నమ్ముతాను, రెండూ కలిపి నమ్మలేనని జేమ్స్ అన్న మాట న్యాయమే. అయితే ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చి రాసిన ‘ద వే వి లివ్ నౌ’ (1875) చదివినవాళ్లు అతన్ని తేలిగ్గా తీసెయ్యలేరు. లేని రైలుమార్గం పేరిట వాటాలు అమ్మి లండన్‌నంతా కాళ్ల దగ్గరికి రప్పించుకున్న మెల్మాట్ కథ అది.

ఆత్మకథలో 1879 వరకు పుస్తకాల రాబడి 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలని పద్దు వేశాడు. ఆ పద్దు చాలామంది సున్నిత హృదయాలను నొప్పించింది. కొంతకాలం పేరు మసకబారినా, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ పాఠకులు బార్సెట్‌షైర్‌ను మళ్లీ వెతుక్కుంటూ వెళ్లారు. 1993లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని కవుల మూలలో అతని పేరిట ఫలకం వెలిసింది.

1882 నవంబరు 3 రాత్రి ఒక హాస్య నవల పైకి చదువుతుంటే విని నవ్వుతూ పక్షవాతానికి గురయ్యాడు. నెల తిరిగాక లండన్‌లో మరణించాడు. కెన్సల్ గ్రీన్‌లో సమాధి ఉంది. అప్పటికి చేతిలో ఉన్న ఐర్లండ్ నవల ‘ద లాండ్‌లీగర్స్’ అరవై అధ్యాయాలు కావలసింది, నలభై తొమ్మిదో అధ్యాయం మధ్యలో ఆగిపోయింది. పూర్తికాకముందే అచ్చుకు ఒప్పుకున్న మరో నవల అది. కొడుకు హెన్రీ దాన్ని పొడిగించకుండా ఉన్నది ఉన్నట్టే వేయించి, కొన్ని పాత్రలు చివరికి ఏమవ్వాలని తండ్రి అనుకున్నాడో తనకు తెలిసినంతవరకు చివర రాశాడు.